కలబంద మట్టలో రెండు రసాలు: మీ ఉత్తరాలకు జవాబులు

మలబద్ధకం గురించి రాసినప్పటి నుంచి వస్తున్న ఉత్తరాల్లో చాలావరకు కలబంద రసం గురించే. ఎలా చేసుకోవాలి, ఎంత తాగాలి, రోజూ తాగొచ్చా, ఇంట్లో పెద్దవాళ్లు వద్దంటున్నారు నిజమేనా... ఒకే రకం ప్రశ్నలను కలిపేసి ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేశాను. ముందుగా ఒక విషయం చెప్పాలి, కింది జవాబులన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. కలబంద మట్టలో ఉండేది ఒక రసం కాదు, రెండు. తొక్క కిందే పలచని పొరలో చేదుగా ఉండే పసుపు సొన ఒకటి, దాని లోపల రంగూ రుచీ పెద్దగా లేని జిగురు గుజ్జు ఇంకొకటి. తాగాల్సింది గుజ్జు. చాలామంది తాగుతున్నది రెండూ కలిపి.

ప్రశ్న: మేడమ్, మా పెరట్లో రెండు కుండీల నిండా కలబంద ఉంది. వీడియోల్లో ఒకరు చెంచాతో గీకమంటారు, ఒకరు తొక్కతోనే మిక్సీ వేయమంటారు, ఇంకొకరు మరిగించమంటారు. అసలు సరైన పద్ధతి ఏమిటో మొదటి నుంచి చివరి దాకా చెప్తారా? ఎంత తాగాలో కూడా రాయండి.
– ఒక గృహిణి, తణుకు

జవాబు: చెప్తానమ్మా, కాస్త వివరంగానే చెప్తాను, ఎందుకంటే తేడా అంతా కోసే దగ్గరే వస్తుంది, మిక్సీ దగ్గర కాదు.

రెండు మూడేళ్ల మొక్క అయితే మంచిది. మధ్యలోంచి వచ్చే లేత మట్టలు వదిలేసి, అడుగున బయటి వరుసలో ఉన్న ముదురు మట్ట, లావుగా ఉన్నది ఒకటి చూసుకుని మొదలుకంటా కోయండి. కోసిన చోట పసుపు రంగులో కారుతుందే, అదే సొన. కోసిన వైపు కిందికి ఉండేలా మట్టను ఒక గ్లాసులోనో గిన్నెలోనో నిలబెట్టి పావుగంట, ఇరవై నిమిషాలు అలా వదిలేయండి. వీడియోల్లో చాలామంది వదిలేసేది ఈ పనే, అసలు ముఖ్యమైనదీ ఇదే.

సొన కారాక మట్టను బాగా కడిగి, మొదట్లో తెల్లగా ఉండే అంగుళం ముక్క, కొసన సన్నబడే రెండు మూడు అంగుళాల ముక్క కోసి పారేయండి. రెండు పక్కలా ముళ్ల అంచులు తీసేయండి. ఇప్పుడు మట్టను పీట మీద పరిచి పైతొక్క తీయాలి, అయితే చాకును తొక్కకు మరీ ఆనించి పోనివ్వకండి, కాస్త గుజ్జు తొక్కకే ఉండిపోయేలా లోపలగా కోయండి. కింది తొక్కకూ అంతే. చెంచాతో గీకొద్దని నేను అనేది ఇందుకే, సొన ఉండే సన్నని గొట్టాలు తొక్కను అంటిపెట్టుకునే ఉంటాయి, గీకితే అవి చితికి సొన గుజ్జులో కలుస్తుంది. నాలుగు చెంచాల గుజ్జు వృథా అయిందని బాధపడకండి, ఆ తొక్కలు తీసుకెళ్లి మొక్క మొదట్లోనే వేసేయండి.

వచ్చిన ముక్కలను రెండు మూడు సార్లు నీళ్లు మార్చి కడగండి, చివరిసారి ఒక పది నిమిషాలు నీళ్లలోనే ఉంచండి. ఆ నీళ్లలో పసుపు ఛాయ ఉండకూడదు. పీట, చాకు కూడా కడిగేయండి, వాటికి అంటిన సొన మళ్లీ ముక్కలకు అంటుతుంది. తర్వాత చిన్న ముక్క నోట్లో వేసుకుని చూడండి. చప్పగా, కొంచెం పచ్చి వాసనతో ఉంటే సరే. నాలుకకు చేదు తగిలితే మళ్లీ కడగండి, అప్పటికీ చేదు పోకపోతే ఆ ముక్కలు వాడకండి. సొన పోయిందా లేదా అని ఇంట్లో చూసుకోవడానికి మనకున్న పరీక్ష ఇదొక్కటే, కాబట్టి చేదుగా ఉంటేనే మందు అనుకుని గుటకేయొద్దు.

మరిగించాల్సిన అవసరం లేదు. గ్లాసు నీళ్లు గానీ పలచటి మజ్జిగ గానీ, అందులో గుజ్జు, చిటికెడు ఉప్పు, కొంచెం నిమ్మరసం, ఇష్టమైతే చిన్న అల్లం ముక్క వేసి మిక్సీలో ఒక్క తిప్పు తిప్పండి, నురగ తగ్గాక తాగేయండి. నాకైతే మజ్జిగలోనే బాగుంటుందనిపిస్తుంది, ఆ జిగురు నోటికి తెలియదు. పంచదార, బెల్లం, తేనె వేసి రోజూ తాగితే ఒకటి మేలు చేయబోయి ఇంకొకటి తెచ్చుకున్నట్టే.

ఎంత అంటే, ఇంట్లో చేసుకునే గుజ్జుకు ఇంత అని ఎవరూ నిర్ణయించిన మోతాదు లేదు. జాగ్రత్తగా మొదలుపెట్టమనే నేను చెప్తాను. మొదటి వారం రోజుకు ఒక టేబుల్ స్పూను గుజ్జు, ఒంటికి పడితే రెండు, అంటే సుమారు 30 గ్రాములు, అంతకు మించి వద్దు. పరగడుపునే తాగాలన్న నియమం ఏమీ లేదు, ఖాళీ కడుపుతో వికారంగా అనిపించేవాళ్లు టిఫిన్ తర్వాత తాగొచ్చు. రెండు మూడు వారాలు తాగి ఆపండి, ఆపాక కడుపు ఎలా ఉందో చూసుకోండి. మొదటి రోజుల్లో దురద, దద్దుర్లు, కడుపులో మెలిపెట్టడం, నీళ్ల విరేచనాలు ఏవి వచ్చినా అక్కడికక్కడే మానేయండి. ఉల్లి, వెల్లుల్లి పడనివాళ్లకు కలబంద కూడా పడకపోవచ్చు, మీ ఇంట్లో అలాంటివాళ్లు ఉంటే అసలు మొదలుపెట్టకండి.

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. కూర్చుని చేసే ఉద్యోగం. మలబద్ధకం ఎక్కువై ఒక ఫ్రెండ్ చెప్పాడని కలబంద మట్టను ముళ్లు మాత్రం తీసి తొక్కతో సహా మిక్సీ వేసి తాగడం మొదలుపెట్టాను. మొదట్లో అద్భుతంగా పనిచేసింది, తెల్లారేసరికి కడుపంతా ఖాళీ. ఇప్పుడు తాగిన రోజే మోషన్ అవుతోంది, తాగకపోతే అవ్వడం లేదు. మోతాదు కూడా పెంచాల్సి వస్తోంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: తమ్ముడూ, నీకు పనిచేసింది గుజ్జు కాదు, సొన. ఈ విషయం అర్థమైతే నీ ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

సొనలో అలోయిన్ అనే చేదు పదార్థం ఉంటుంది. పెద్దపేగులోకి చేరాక అక్కడి బ్యాక్టీరియా దాన్ని మారుస్తుంది, అలా మారినది పేగు గోడను రెచ్చగొట్టి కదలికలు పెంచుతుంది, మలంలోంచి నీళ్లు ఒంటికి పట్టకుండా ఆపుతుంది. రాత్రి తాగితే తెల్లారి అవ్వడానికి కారణం ఇదే, లోపలికి వెళ్లి, మారి, పనిచేయడానికి ఆ మాత్రం టైం పడుతుంది. సునాముఖి ఆకు పొడి పనిచేసేదీ ఇదే కుటుంబానికి చెందిన పదార్థాలతోనే. ఆయుర్వేదం కూడా కుమారిని, అంటే కలబందను, భేదని అంటే విరేచనం చేయించేది అనే చెప్పింది, రోజూ తాగే పానీయంలా కాదు. ఎండబెట్టిన సొననే మన ఊళ్లలో ముసాంబరం అంటారు, దాన్ని పచారీ కొట్టులోంచి గోరంత తెచ్చుకునేవాళ్లు గానీ గ్లాసులకు గ్లాసులు ఎవరూ తాగలేదు.

ఇలా పేగును రోజూ రెచ్చగొడితే ఏమవుతుందో నువ్వే రాశావు. నీళ్లు, లవణాలు, ముఖ్యంగా పొటాషియం ఒంట్లోంచి పోతాయి, నీరసం, కాళ్ల పిక్కలు పట్టేయడం, ఒక్కోసారి గుండె లయ తప్పడం దాకా రావచ్చు. చాలాకాలం వాడినవాళ్లకు పెద్దపేగు లోపలి పొర నల్లగా మారడాన్ని కొలొనోస్కోపీలో డాక్టర్లు చూస్తుంటారు. పైగా మలబద్ధకానికి అసలు కారణం ఏమిటో వెతకడం మానేస్తాం, అన్నిటికంటే నష్టం అదే.

నిన్ను భయపెట్టడానికి కాదు గానీ ఇంకో సంగతి కూడా తెలియాలి. అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్, మట్ట మొత్తం పిండి సొన తీయకుండా తయారుచేసిన సారాన్ని తాగే నీళ్లలో కలిపి రెండేళ్ల పాటు ఎలుకలకు ఇచ్చింది, వాటి పెద్దపేగులో కణితులు వచ్చాయి. ఆ నివేదిక 2013లో వచ్చింది. చుంచెలుకల్లో మాత్రం అలా రాలేదు. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం ఐఏఆర్‌సీ, మట్ట మొత్తంతో చేసిన సారాన్ని ‘మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవి’ అనే 2బి జాబితాలో చేర్చింది. మనుషుల్లో రుజువైందని దీని అర్థం కాదు, కడిగిన గుజ్జుకు వర్తించేదీ కాదు. కానీ నువ్వు తొక్కతో సహా చేసుకుంటున్నది ఆ ఎలుకలకు ఇచ్చిన రకానికి దగ్గరగా ఉంది. అంతకు ముందే 2002లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కలబంద సొనతో చేసే విరేచనాల మందులను డాక్టర్ చీటీ లేకుండా అమ్మే మందుల్లోంచి తీసేయించింది, అవి సురక్షితమని చూపే ఆధారాలు కంపెనీలు ఇవ్వలేదని.

ఇక ఏం చేయాలి. తొక్క రసం ఈ రోజే ఆపెయ్. ఆపగానే మూడు నాలుగు రోజులు మోషన్ సరిగ్గా అవ్వకపోవచ్చు, కడుపు ఉబ్బరంగా ఉండొచ్చు, దానికి భయపడి మళ్లీ మొదలుపెట్టకు. ఆ రోజుల్లో రాత్రి పడుకునే ముందు ఒకటి రెండు చెంచాల ఇసబ్‌గోల్ పెద్ద గ్లాసు నీళ్లలో కలుపుకుని వెంటనే తాగు, దాని మీద ఇంకో గ్లాసు నీళ్లు తాగు, నీళ్లు తక్కువైతే అదే గట్టిపడి ఇబ్బంది పెడుతుంది. పొద్దున టిఫిన్ తిన్న పావుగంట, అరగంటకు పేగుల్లో సహజంగానే కదలిక పెరుగుతుంది, రోజూ అదే టైంకి వెళ్లి కూర్చో, ఫోన్ బయట పెట్టి వెళ్లు. వెస్ట్రన్ కమోడ్ అయితే కాళ్ల కింద చిన్న పీట వేసుకో, మోకాళ్లు పైకి లేస్తే పని తేలికవుతుంది.

తిండి సంగతి చూడు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2000 కేలరీల ఆహారానికి 30 గ్రాముల పీచు ఉండాలంటుంది. పాలిష్ బియ్యం 100 గ్రాముల్లో పీచు మూడు గ్రాములు కూడా లేదు, జొన్నల్లో దాదాపు 10, రాగుల్లో 11. మీ కర్నూలు జిల్లాలో జొన్నరొట్టె, కొర్రలు తెలియని ఇల్లు లేదు, రాత్రి పూట అన్నం స్థానంలో రొట్టె, గోంగూర పప్పో తోటకూరో పెట్టుకుంటే చాలా మార్పు వస్తుంది. రోజుకొక జామకాయ తిను. రెండు మూడు వారాల్లో కుదురుకోకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లి థైరాయిడ్ పరీక్ష చేయించుకో, ఐరన్, క్యాల్షియం మాత్రలు ఏవైనా వాడుతుంటే ఆ సంగతీ చెప్పు, మలబద్ధకానికి అవి కూడా కారణమవుతాయి.

ప్రశ్న: నా వయసు 67. బీపీకి, షుగర్‌కి మాత్రలు వాడుతున్నాను. రెండేళ్ల క్రితం స్టెంట్ వేశారు. వాకింగ్‌లో మిత్రులందరూ కలబంద, ఉసిరి రసం కలిపి తాగుతున్నారు, పార్కు గేటు దగ్గరే అమ్ముతారు. నేను తాగొచ్చా?
– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, హనుమకొండ

జవాబు: మాస్టారూ, మీ డాక్టర్‌ను అడగకుండా తాగొద్దండి. మీ మిత్రులకు పడింది కదా అనే ధైర్యం మీ విషయంలో పనికిరాదు, మీరు వాడే మందులు వేరు.

బీపీ మాత్రల్లో కొన్ని ఒంట్లో నీరు తగ్గించేవి, మూత్రం ఎక్కువ పోయేలా చేసేవి ఉంటాయి. వాటిలో చాలావాటితో పొటాషియం ఎటూ తగ్గుతుంది, సొన కలిసిన రసం తాగితే ఇంకా తగ్గుతుంది. గుండెకు డిగాక్సిన్ వాడేవాళ్లకు ఇది మరీ ప్రమాదం. షుగర్ విషయానికొస్తే, కలబంద గుజ్జుకు చక్కెర కొంత తగ్గించే గుణం ఉందని అధ్యయనాలు ఉన్నాయి, వినడానికి బాగానే ఉంటుంది గానీ గ్లిమెపిరైడ్, ఇన్సులిన్ లాంటివి వాడేవాళ్లకు షుగర్ ఉన్నట్టుండి పడిపోతే వాకింగ్ మధ్యలో కళ్లు తిరుగుతాయి. రక్తం పలచబడే మందులు, ముఖ్యంగా వార్ఫరిన్ వాడేవాళ్లూ జాగ్రత్తగా ఉండాలి. విరేచనాలు ఎక్కువైతే మీరు వేసుకున్న మాత్రలు ఒంటికి సరిగ్గా పట్టవు కూడా. ఏదైనా ఆపరేషన్ ఉంటే కనీసం రెండు వారాల ముందే ఆపేయాలి, తాగుతున్నట్టు డాక్టర్‌కు చెప్పాలి.

పార్కు దగ్గర అమ్మే రసం గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను, దాన్ని తాగకండి. వాళ్లు మట్ట ఎలా కోశారో, సొన కార్చారో లేదో, ఏ నీళ్లు వాడారో, ఎప్పుడు తీసి పెట్టారో మనకు తెలియదు. మీ మిత్రులకు కూడా ఇది చెప్పండి, మీరు మాస్టారు కాబట్టి వింటారు.

ప్రశ్న: నాకు ఇప్పుడు నాలుగో నెల. గ్యాస్, మలబద్ధకం బాగా ఉన్నాయి. కలబంద చలవ చేస్తుంది తాగమని మా పిన్ని అంటున్నారు, మా అత్తయ్య వద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ అత్తయ్యగారి మాట వినండమ్మా. గర్భంతో ఉన్నప్పుడు కలబంద రసం వద్దు, ఎంత బాగా కడిగినా వద్దు. సొన గర్భసంచి కదలికలను కూడా రెచ్చగొట్టగలదు, ఇంట్లో చేసుకునే రసంలో అది పూర్తిగా పోయిందని ఎవరూ హామీ ఇవ్వలేరు. పాలిచ్చే రోజుల్లో కూడా మానండి. గర్భిణులకు మలబద్ధకం మామూలే, ఐరన్ మాత్రలతో ఇంకాస్త పెరుగుతుంది, అలాగని ఐరన్ మానేయకండి. చెకప్‌కి వెళ్లినప్పుడు మీ డాక్టరమ్మను అడిగితే ఈ సమయంలో వాడదగ్గ మందు రాసిస్తారు. ఈలోగా నీళ్లు, మజ్జిగ, ఆకుకూరలు, నానబెట్టిన ఎండు ద్రాక్ష తీసుకోండి.

ప్రశ్న: మా ఎనిమిదేళ్ల బాబుకు రెండు మూడు రోజులకోసారి గానీ విరేచనం అవ్వదు. ఒక చెంచా కలబంద రసం ఇవ్వొచ్చా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఇవ్వొద్దు. పిల్లలకు నీళ్ల విరేచనాలు పట్టుకుంటే ఒళ్లు త్వరగా ఆరిపోతుంది. చాలామంది పిల్లలు బడిలో టాయిలెట్‌కి వెళ్లడం ఇష్టం లేక ఆపుకుంటారు, ముందు బాబును నెమ్మదిగా అది అడగండి. బడికి వెళ్లేముందు కంగారు పెట్టకుండా పది నిమిషాలు కూర్చోబెట్టండి, పాలు మరీ ఎక్కువ ఇస్తుంటే తగ్గించండి. అప్పటికీ అంతే అయితే పిల్లల డాక్టర్‌కి చూపించండి.

ప్రశ్న: నమస్తే అండీ. మేము డాలస్‌లో ఉంటాం. ఇక్కడి స్టోర్స్‌లో మోచేతి పొడవు మట్టలు విడిగా అమ్ముతారు, గ్యాలన్ల లెక్కన బాటిల్ రసం కూడా దొరుకుతుంది. రెండిట్లో ఏది మంచిది? మా అమ్మావాళ్లు ఇండియాలో బాటిల్ కొంటారు, దానికీ ఇదే వర్తిస్తుందా?
– ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: మీరు టెక్సస్‌లోనే ఉన్నారు కాబట్టి చెప్తున్నాను, మీ రాష్ట్రం దక్షిణాన రియో గ్రాండ్ లోయలో కలబందను పొలాల్లో సాగు చేస్తారు, మెక్సికో నుంచి కూడా బాగా వస్తుంది. స్టోర్‌లో దొరికే ఆ పెద్ద మట్ట మంచిదే, గుజ్జు ఎక్కువ వస్తుంది, కోయడం తేలిక. కోసి చాలా రోజులై ఉంటుంది కాబట్టి మొదలు దగ్గర ఇంకొక అంగుళం తాజాగా కోసి నిలబెట్టి చూడండి, సొన ఇంకా ఉంటే కారుతుంది. పైన తణుకు పాఠకురాలికి చెప్పిన పద్ధతే.

బాటిల్ విషయంలో ముందు వైపు బొమ్మ చూడకండి, వెనక్కి తిప్పి చదవండి. లోపలి గుజ్జుతో చేసిందా, మట్ట మొత్తంతో చేసిందా అన్నది మొదట చూడాలి. మట్ట మొత్తంతో చేసినదైతే సొన వడగట్టి రంగు తీసేసిందని రాసి ఉండాలి. తాగే రసంలో అలోయిన్ పది లక్షల భాగాల్లో 10కి మించకూడదని కలబంద పరిశ్రమవాళ్లే ఒక ప్రమాణం పెట్టుకున్నారు, ఆ సంగతి లేబుల్ మీద రాసే కంపెనీని నమ్మొచ్చు. అసలు కలబంద ఎంత శాతం, మిగతాది నీళ్లా, చక్కెరా, పళ్ల రసమా అన్నది తర్వాత చూడండి. సోడియం బెంజోయేట్, పొటాషియం సార్బేట్ లాంటి నిల్వ పదార్థాలు దాదాపు అన్నింట్లో ఉంటాయి, నిల్వ ఉండే రసానికి అవి తప్పవు. అమ్మావాళ్లు కొనేదాని మీద మన దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు, తయారీ తేదీ ఉన్నాయో లేదో ఫోన్‌లోనే చదివించుకోండి. ‘క్యాన్సర్ తగ్గుతుంది, షుగర్ పూర్తిగా పోతుంది’ అని రాసిన బాటిల్ అయితే ఇంకేమీ చదవకుండా పక్కన పెట్టేయమనండి.

ప్రశ్న: గుమ్మానికి దిష్టికి కట్టిన కలబంద నెలల తరబడి పచ్చగానే ఉంటోంది. దాన్ని వాడుకోవచ్చా? మా పొలం గట్టు మీద కూడా పెద్ద పెద్దవి ఉన్నాయి, అవి కలబందేనా?
– ఒక రైతు, నల్గొండ

జవాబు: గుమ్మానికి కట్టినది తాగడానికి వద్దండీ. అది పచ్చగా ఉండటానికి కారణం, కలబంద తన మట్టల్లోనే నీళ్లు దాచుకుంటుంది, ఆకు రంధ్రాలను పగలు మూసి రాత్రి పూటే తెరుస్తుంది, అందుకే మట్టి లేకపోయినా చాలా రోజులు బతుకుతుంది. కానీ నీళ్లు లేక గుజ్జు తగ్గిపోతుంది, దానికి పూసిన పసుపు కుంకుమ, రోడ్డు దుమ్ము అంతా మట్ట మీదే ఉంటుంది.

గట్టు మీదవి చాలావరకు కిత్తనార అయి ఉంటాయి. చూసి తీరాలి గానీ, మట్ట మనిషి చేతికంటే పొడవుగా, గట్టిగా, కొసన సూది లాంటి ముల్లుతో ఉండి విరిస్తే లోపల నార కనిపిస్తే అది కిత్తనారే, కలబంద కాదు. దాని రసం తగిలితేనే ఒళ్లు మండుతుంది, నోట్లో, గొంతులో పడితే వాచిపోతుంది. కలబంద మట్ట మెత్తగా ఉంటుంది, వంచితే పుటుక్కున విరుగుతుంది, లోపల నార ఉండదు, పువ్వు పసుపు రంగు. నర్సరీల్లో కూడా అలంకరణకు పెంచే కలబంద జాతులు చాలా ఉంటాయి, కడియం వైపు నుంచి వచ్చే మొక్కల్లోనూ రకరకాలు చూస్తాం, కాబట్టి తినే రకమేనా అని అడిగి మరీ కొనండి. అనుమానం ఉన్న మొక్కను నోటి దాకా తీసుకెళ్లొద్దు.

ప్రశ్న: చేసిన గుజ్జు ఫ్రిజ్‌లో ఎన్నాళ్లు ఉంటుంది? మర్నాటికే గులాబీ రంగులోకి మారుతోంది.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: గాలి తగిలితే రంగు మారుతుంది, నిమ్మరసం కలిపితే కొంచెం ఆగుతుంది. మూత గట్టిగా ఉన్న గాజు సీసాలో రెండు మూడు రోజులు చాలు, పులిసిన వాసన వస్తే పారబోయండి. పెద్ద మట్ట కోసి మిగిలిపోతే గుజ్జును ఐస్ ట్రేలో పోసి గడ్డ కట్టించి, రోజుకొక ముక్క మజ్జిగలో వేసుకోండి. మొక్క ఇంట్లోనే ఉంటే మాత్రం ఎప్పటికప్పుడు చిన్న మట్ట కోసుకోవడమే మేలు.

ప్రశ్న: సొన తీసేసి కడిగేస్తే ఇక అందులో ఏముంటుంది? నాకు గుండెల్లో మంట, గ్యాస్ ఉన్నాయి. గుజ్జు నిజంగా పనిచేస్తుందా, ఊరికే నమ్మకమా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: అడగాల్సిన ప్రశ్న ఇది. గుజ్జులో దాదాపు 99 శాతం నీళ్లే. మిగిలిన ఆ కాస్తలో జిగురు పదార్థాలు ఉంటాయి, వాటిలో ముఖ్యమైనది ఎసిమానన్. కడుపుకు ఊరట ఇస్తుందనేది వీటి గురించే.

పరిశోధనలు ఉన్నాయి గానీ చిన్నవి. 2004లో బ్రిటన్‌లో పెద్దపేగు పుండ్ల జబ్బు, అంటే అల్సరేటివ్ కొలైటిస్ ఉన్న 44 మందిని రెండు గుంపులు చేసి 30 మందికి కలబంద గుజ్జు రోజుకు రెండుసార్లు 100 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు వారాలు ఇచ్చారు, 14 మందికి ఉత్తుత్తి రసం ఇచ్చారు. మొదటి గుంపులో 14 మందికి గుణం కనిపించింది, రెండో గుంపులో ఇద్దరికి. ఆశ కలిగించే ఫలితమే, కానీ ఇంత చిన్న గుంపుతో గట్టిగా ఏదీ చెప్పలేం. 2015లో ఇరాన్‌లో గుండెల్లో మంట ఉన్న 79 మంది మీద చేసిన అధ్యయనంలో కలబంద సిరప్ రోజుకు 10 మిల్లీలీటర్లు తీసుకున్నవాళ్లకు లక్షణాలు తగ్గాయి. మాటిమాటికీ కడుపునొప్పి, విరేచనాలు మారిమారి వచ్చే ఐబీఎస్‌లో 2006 నాటి బ్రిటన్ అధ్యయనం చూస్తే కలబందకూ ఉత్తుత్తి మందుకూ తేడా కనబడలేదు, తర్వాతి కొన్నింట్లో కొంత ఊరట కనిపించింది. అవన్నీ తయారీలో సొన తీసి కొలత ప్రకారం ఇచ్చిన రసాలు, మన మిక్సీ రసం కాదు.

కాబట్టి నా మాట ఇది. గుజ్జు కొందరికి మంట, ఉబ్బరం కాస్త తగ్గించవచ్చు, సరిగ్గా చేసుకుంటే చాలామంది ఆరోగ్యవంతులు కొన్ని వారాలు తాగడంలో పెద్ద ప్రమాదం లేదు. నోటితో కలబంద ఉత్పత్తులు తీసుకున్న కొందరికి కాలేయం వాచి, ఆపగానే తగ్గిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి, అందుకే తాగే రోజుల్లో కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులోకి మారడం కనిపిస్తే ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. గుండెల్లో మంటకు మాత్రం రాత్రి పది గంటలకు బిర్యానీ తిని పదిన్నరకు పడుకుంటూ పొద్దున కలబంద తాగితే ఏ లాభమూ ఉండదు. పడుకోవడానికి రెండు మూడు గంటల ముందు తినేయండి, తలవైపు మంచం కాస్త ఎత్తు పెట్టుకోండి, పొగాకు, మద్యం ఉంటే మానండి. వారానికి రెండుసార్ల కంటే ఎక్కువ మంట వస్తుంటే, ముద్ద గొంతులో దిగనట్టు అనిపిస్తే చూపించుకోండి.

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. మూడు నెలలుగా విరేచనంలో అప్పుడప్పుడు రక్తం పడుతోంది. మొలలే అనుకుని కలబంద రసం తాగుతున్నాను, మంట తగ్గినట్టే ఉంది గానీ రక్తం ఆగలేదు. కొంచెం బరువు కూడా తగ్గాను. ఎవరికీ చెప్పుకోలేక మీకు రాస్తున్నాను.
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: అన్నా, మీరు రాయడమే మంచి పని చేశారు, ఇప్పుడు ఇంట్లోవాళ్లకు కూడా చెప్పండి. రసం ఆపేయండి. మొలలే అయి ఉండొచ్చు, కానీ 50 దాటాక కొత్తగా రక్తం పడుతుంటే, అందులోనూ బరువు తగ్గుతుంటే పరీక్ష చేయకుండా మొలలే అనుకోవడానికి వీల్లేదు. పెద్దపేగు క్యాన్సర్ కూడా మొదట్లో ఇలాగే కనిపిస్తుంది, త్వరగా పట్టుకుంటే నయమయ్యే జబ్బు అది. ఈ వారంలోనే జనరల్ సర్జన్‌కి గానీ గ్యాస్ట్రో డాక్టర్‌కి గానీ చూపించుకోండి, అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఓపీలో కూడా సర్జరీ విభాగం ఉంటుంది. వేలితో పరీక్ష, రక్తంలో హిమోగ్లోబిన్, అవసరమైతే కొలొనోస్కోపీ చేస్తారు. సిగ్గుపడకండి, వాళ్లు రోజూ చూసే సమస్యే ఇది. మలం తారులా నల్లగా వచ్చినా, కళ్లు తిరిగి పడిపోతున్నట్టు అనిపించినా ఓపీ దాకా ఆగకుండా ఆ రోజే క్యాజువాలిటీకి వెళ్లండి. కలబంద ఎన్నాళ్లుగా, ఎలా చేసుకుని తాగారో డాక్టర్‌కు దాచకుండా చెప్పండి.